వేలు పడని వాళ్ల విన్నపం

రేషన్ షాపులో వేలిముద్రలు చూసే మహారాజశ్రీ ఈ-పాస్ యంత్రం గారి సముఖానికి, పలాసలో జీడిపిక్కలు కొట్టుకుని బతికే కార్డుదారులం రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా,

ముందు తహసీల్దారు గారికి రాద్దామనుకున్నాం. తర్వాత కలెక్టరు గారి గ్రీవెన్సులో ఇద్దామనుకున్నాం. రేషన్ బియ్యం విషయంలో అసలు పై అధికారి ఎవరని ఆరా తీస్తే అందరి వేళ్లూ మీ వైపే చూపించాయి. అందుకే నేరుగా మీకే రాస్తున్నాం.

మొన్న ఒకటో తారీఖున మా పెద్దమ్మ మీ ముందుకొచ్చింది. పిక్క పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం నల్లబడి పొరలుగా ఊడిపోతుంది. చేతికి బూడిద రాసుకున్నా అంతే. కుడి బొటనవేలు పెట్టింది. మీ ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది. "చూపుడువేలు పెట్టమ్మా" అన్నాడు డీలరు. కొంగుకు తుడుచుకుని పెట్టింది. "ఎడమ చెయ్యి చూడు. అంత గట్టిగా నొక్కకు." వెనక లైన్లోంచి ఒకరు కొబ్బరినూనె రాయమన్నారు, ఇంకొకరు సబ్బుతో కడుక్కురమ్మన్నారు. పది వేళ్ల ముచ్చటా తీరాక తెర మీద 300 అని పడింది. వేలిముద్ర సరిపోలలేదని చెప్పడానికి ఆధార్ వాళ్లు పెట్టుకున్న అంకె అట అది. మీ వాళ్లకి 300 అంటే ఎందుకో మహా మక్కువ. 2019లో బియ్యం కార్డుకు షరతులు పెట్టినప్పుడు కూడా నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు వాడితే పేదవాడు కాదన్నారు. ఒకే మీటరు మీద మూడు కాపురాలుంటే ఎలా లెక్కపెట్టాలో మాత్రం చెప్పలేదు.

వేలు ఎందుకు పడదో మీరెప్పుడైనా ఆలోచించారా? గుంటూరులో మిరపకాయల తొడాలు తీసే ఆడవాళ్లకు పడదు. నిజామాబాదులో బీడీలు చుట్టేవాళ్లకు పడదు. ఇటుక బట్టీల్లో, సున్నం పనుల్లో ఉన్నవాళ్లకు, నాలుగిళ్లలో అంట్లు తోమేవాళ్లకు అంతంతమాత్రం. ఎంత ఎక్కువ పని చేస్తే గీతలు అంతగా అరుగుతాయి. మీరేమో గీతలు చెక్కుచెదరకుండా ఉన్నవాడే అసలైన లబ్ధిదారుడంటారు. మా లెక్కలో అరిగిన బొటనవేలే ఆదాయ ధ్రువపత్రం. ఆ పత్రాన్ని చూసీ చూడగానే తిప్పి పంపేది మీరొక్కరే.

ఇంకో మాట. 1990లలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం పేరుతో రాత్రి బడులు పెట్టి, వేలిముద్ర వెయ్యడం నామోషీ అని చెప్పి మాకు సంతకం నేర్పింది సర్కారే. కష్టపడి నేర్చుకున్నాం. ఇప్పుడా సంతకం ఎందుకూ పనికిరాదంటున్నారు.

మీ మంచిని కాదనం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి దొంగ కార్డులూ ఉన్నాయి, మేం తీసుకోని సరుకు తీసుకున్నట్టు రాసేసే డీలర్లూ ఉన్నారు. మీరొచ్చాక ఆ రాతలు తగ్గాయి. వలస పోయిన మా వాళ్లు హైదరాబాదులో కూడా బియ్యం తీసుకుంటున్నారంటే మీ పుణ్యమే. 2019 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఆ వెసులుబాటు మొదలైంది కూడా మీ వల్లే.

అయితే ఒక్క సందేహం తీర్చాలి. 2024 నవంబరులో కాకినాడ రేవులో స్టెల్లా ఎల్ అనే ఓడలో రేషన్ బియ్యం పట్టుబడింది. కిలో రెండు కిలోలు కాదు, వందల టన్నులు. ఉప ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లి ఓడను సీజ్ చెయ్యమన్నారు. ఆ బియ్యం మీ ముందు నుంచే కదా వెళ్లాలి? దానికి ఏ వేలు పడింది? ఎడమదా, కుడిదా? కొంగుకు తుడుచుకుని రమ్మన్నారా? ఒక్కో మనిషికి 5 కిలోలిచ్చేటప్పుడు మిమ్మల్ని మించిన కాపలాదారు లేడు. లారీ వెళ్లేటప్పుడు మాత్రం మీకు సిగ్నల్ అందదు కాబోలు.

వేలు పడలేదని తిండి ఆపకూడదని 2018 ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా అంది. దారులు లేకా కాదు. ఐరిస్ ఉంది, కానీ కంటిశుక్లాలున్న ముసలివాళ్లకు అదీ అనుమానమే. వీఆర్వో గారు తన వేలు వేసి ఇప్పించే ఏర్పాటూ ఉందంటారు. ఆయన దొరికితే. ఏదో ఒక సర్వేలో ఉంటారు పాపం.

కాబట్టి మేం కోరేది పెద్దదేం కాదు. మూడుసార్లు వేలు పడకపోతే మీరు పక్కకు తప్పుకోవాలి. డీలరు కార్డు చూసి, మనిషిని చూసి, పక్కన నిలబడ్డ ఇద్దరు కార్డుదారుల సాక్ష్యంతో బియ్యం ఇచ్చెయ్యాలి. ఎవరికి ఎందుకలా ఇచ్చారో పేర్లు షాపు గోడకు అంటించాలి. దొంగ పేరుంటే మా వీధిలో గంటలో తెలిసిపోతుంది, మీ సర్వరు కన్నా ముందే.

ఈ నెల 15 రాత్రి 8 గంటలకు షాపు మూసేలోగా జవాబు ఇప్పించగలరు. అందినట్టు రసీదు మీద సంతకం పెట్టేస్తాం. దయచేసి వేలిముద్ర మాత్రం అడగొద్దు.

ఇట్లు,
పది వేళ్లూ చూపించినవాళ్లం