మాట్లాడితే నవ్వుతారు, రాకపోతే ఏడిపిస్తారు

ఫ్రెంచి వ్యాకరణంలో ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ అని ఒక క్రియారూపం ఉంది. దానికి రెండే నిబంధనలు. చదువుకున్నవాడెవడికైనా అది వచ్చి తీరాలి. చదువుకున్నవాడెవడూ దాన్ని నోటితో అనకూడదు. మొదటిది తప్పితే మొద్దు అంటారు, రెండోది తప్పితే బడాయికోరు అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి మధ్య నిలబడ్డ పిల్లవాడు మాత్రం ఒక్కో క్రియకు ఆరేసి రూపాలు వల్లె వేయాలి.

సంగతేమిటంటే, జరిగిన పని చెప్పడానికి వాళ్ళకు ఒక రూపం, జరగాలని కోరుకున్నదీ జరుగుతుందేమోనని భయపడ్డదీ చెప్పడానికి ఇంకో రూపం. ఆ రెండోది సబ్జంక్టివ్. అంతవరకు న్యాయంగానే ఉంది. కానీ కోరుకోవడం నిన్నటిదైతే, కోరిన పని కూడా వెనక్కి నడిచి నిన్నటి వేషం కట్టాలని శాస్త్రం. మనం 'ఆమె రావాలని కోరుకుంటున్నాను' అన్నా, 'ఆమె రావాలని కోరుకున్నాను' అన్నా ఆ 'రావాలని' కదలదు, మెదలదు. అంతమాత్రాన రావలసిన మనిషి రాకుండా పోయిన దాఖలా తెలుగుదేశంలో ఎక్కడా లేదు. ఫ్రెంచిలో మాత్రం కోరిక పాతబడగానే రాక కూడా పాతబడాలి. 'వియెన్' కాస్తా 'వేఁ' అయి కూర్చోవాలి. ద్రాక్షసారాను కూడా 'వేఁ' అనే అంటారు కనుక, ఆ సాయంత్రం రావాలని కోరుకున్నది మనిషో సీసానో వినేవాడే తేల్చుకోవాలి.

తయారీ విధానం మరీ చోద్యం. ప్రేమించడాన్ని 'ఎమే' అంటారు. దాన్ని ఈ రూపంలోకి దించాలంటే ముందు పాసే సెంప్ల్ అనే మరో భూతకాలానికి వెళ్ళి 'నువ్వు ప్రేమించావు' అన్న రూపం తవ్వి తీసుకురావాలి. ఆ పాసే సెంప్ల్ కథల్లోనూ చరిత్ర పుస్తకాల్లోనూ తప్ప జనం మాటల్లోంచి ఎన్నడో లేచిపోయింది. అందులోనూ 'నువ్వు' రూపం కథల్లో సైతం ఎప్పుడో గాని కంటబడదు. అంటే ఒక శవాన్ని బయటికి లాగి, దాని కాళ్ళకు ఒక తోక కట్టి, రెండో శవాన్ని సిద్ధం చేయడమన్నమాట. ఇంత శ్రమకూ దక్కే ఫలం: ఎమాస్, ఎమాస్, ఎమా, ఎమాస్యోఁ, ఎమాస్యే, ఎమాస్. (మనం అటకెక్కించిన అరసున్న వాళ్ళ ముక్కుపలుకులు రాయడానికి ఎంత చక్కగా అక్కరకొచ్చిందో చూడండి.)

ఇక ఆ 'అస్' చప్పుడు సంగతి. ఫ్రెంచిలో ఏ మాట చివర 'అస్' తగిలిస్తే ఆ వస్తువు విలువ దిగిపోతుంది. మంచి సారా 'వేఁ', నోట పెట్టలేనిది 'వినాస్'. కాగితం 'పాపియే', ఆఫీసు బీరువాలో పేరుకున్న చెత్త కాగితం 'పాప్రాస్'. అదే తోకను వ్యాకరణం తెచ్చి ప్రేమకు కట్టింది. చెప్పిందే చెప్పి చెవులు తినడాన్ని 'రసాసే' అంటారు. దాన్ని 'మనం' రూపంలో పెడితే 'రసాసాస్యోఁ' లాంటిదేదో బయటికొస్తుంది. పూర్తిగా పలికేసరికి చెవులు తినే పని ఎలాగూ పూర్తయిపోతుంది. 'నాకు తెలిసి ఉండాల్సింది' అనబోతే 'సూస్' అని పలుకుతుంది. 'నేను చప్పరించాలి' అన్నా అదే చప్పుడు. 'మీరు తాగాలని' అన్న కోరికను నిన్నటికి పంపితే దాదాపు బొబ్బిలి మీదికి ఫిరంగులు తోలుకొచ్చిన బుస్సీ దొర పేరే వినిపిస్తుంది. ఇలాంటి మాటలతో ఒక ప్రియుడు ప్రియురాలికి మొర పెట్టుకున్నట్టు రాసిన గేయం ఒకటి హాస్యరచయిత అల్ఫోన్స్ అలే పేరున నేటికీ చెలామణిలో ఉంది. ఆయన పోయింది 1905లో. అంటే నూరేళ్ళ పైబడి ఫ్రెంచివాళ్ళకు ఈ రూపంతో ఉన్న ప్రధాన ప్రయోజనం నవ్వుకోవడం.

ఇంత నవ్వులాటయ్యాక పెద్దమనుషులు ఒక రాజీకి వచ్చారు. నేను, నువ్వు, మనం, మీరు, వాళ్ళు అన్న అయిదుగురినీ మర్యాదగా గడప బయట నిలబెట్టారు. 'అతడు' ఒక్కడే లోపలికి రావచ్చు. అతడి రూపంలో 'అస్' చప్పుడు లేదు, నెత్తిన చిన్న గొడుగులాంటి గుర్తు మాత్రం ఉంటుంది. నేటికీ నవలల్లో గంభీరమైన వ్యాసాల్లో కనబడేది దాదాపుగా వాడే. సమానత్వాన్ని ప్రతి ఊరి మునిసిపల్ ఆఫీసు గోడమీద చెక్కించుకున్న దేశంలో ఆరుగురు కర్తల్లో ఒక్కడికే పంక్తిభోజనం!

ఆ గొడుగు చెవికి వినబడదు. 'ఉండటం' అనే క్రియలో గొడుగు ఉన్న 'ఫ్యు'కీ లేని 'ఫ్యు'కీ పలుకులో వెంట్రుకవాసి తేడా లేదు. దాన్ని పెట్టకపోతే మార్కు పోతుంది, అంతే దాని ఉపయోగం. 1990లో ప్రభుత్వం వర్ణక్రమాన్ని చక్కదిద్దే పనికి పూనుకుని, ఇ, ఉ అక్షరాల నెత్తిన చాలాచోట్ల ఈ గొడుగు పెట్టక్కర్లేదంది. ఎక్కడ మాత్రం ముట్టుకోలేదంటారా? సరిగ్గా ఈ క్రియారూపం దగ్గర. పదిమందీ రోజూ రాసే మాటలకు గొడుగు తీసి, ఎవడూ రాయని మాటకు భద్రంగా పట్టి ఉంచారు. ఆ ఆసరా కూడా చాలలేదు. 2016లో ఆ పాత మార్పులు పాఠ్యపుస్తకాల్లోకి వస్తున్నాయని తెలిసేసరికి దేశం గొల్లుమంది, గొడుగు కోసం సామాజిక మాధ్యమాల్లో ఉద్యమమే లేచింది. ఆ గోల పెట్టినవాళ్ళను పట్టుకుని ఒక్క క్రియ ఇచ్చి ఆరు రూపాలూ అప్పజెప్పమంటే ఎందరు మిగిలేవారో.

వీటన్నిటికీ కాపలాదారు ఫ్రెంచి అకాడెమీ. 1635లో రాజుగారి మంత్రి రిషెల్యూ స్థాపించాడు. సభ్యులు 40 మంది, బిరుదు 'అమరులు', ఆకుపచ్చ అల్లిక కోటు, నడుముకు కత్తి. నిఘంటువుతో పాటు వ్యాకరణం కూడా రాయాలని మొదట్లోనే పని అప్పగించారు. రాశారు కూడా, 1932లో! మూడు వందల ఏళ్ళకు మూడేళ్ళు తక్కువ. అది అచ్చయ్యీ అవగానే ఫెర్డినాఁ బ్రునో అనే భాషా చరిత్రకారుడు దాని తప్పులు ఏరి ఏకంగా ఒక పుస్తకమే వేసి పరువు తీశాడు. అమరులు మళ్ళీ ఆ జోలికి పోలేదు. నిఘంటువు ఎనిమిదో కూర్పు 1935లో ముగిస్తే తొమ్మిదోది ముగిసేసరికి 2024 వచ్చింది. బిరుదు ఊరికే ఇవ్వలేదు, ఆ వేగానికి అమరత్వం లేకపోతే పని జరగదు. 1793 జనవరిలో రాజు తల తీసిన విప్లవం ఆగస్టుకల్లా అకాడెమీని రద్దు చేసింది. అంతటి విప్లవానికీ ఈ క్రియారూపం చిక్కలేదు. తర్వాత అకాడెమీ కూడా తిరిగి లేచి కూర్చుంది.

ప్రభుత్వం తెలివి ఇంకో మెట్టు పైన. 1901 ఫిబ్రవరి 26న విద్యామంత్రి జార్జ్ లేగ్ ఒక ఉత్తర్వు తెచ్చాడు: కొన్ని వాక్యాల్లో పిల్లలు దీని బదులు వర్తమాన రూపం రాస్తే పరీక్షల్లో సహించాలి. 1976లో మరో ఉత్తర్వు ఆ సహనాన్ని ఇంకాస్త సాగదీసింది. మాట గమనించండి, సహించాలి! అది ఒప్పని ఎక్కడా అనలేదు. దేశమంతా మాట్లాడే భాషను దేశమే తప్పుగా నమోదు చేసి, ఆపైన పెద్దమనసుతో క్షమాభిక్ష పెట్టింది.

నిజానికి పాపం ఆ క్రియారూపానిది కాదు. లాటిన్ నుంచి పుట్టిన దీని తోబుట్టువులు ఇటలీలో, స్పెయిన్‌లో రాయిలా ఉన్నాయి. అక్కడ కూరగాయల బేరంలో, ఆలుమగల తగవులో వాటిని నీళ్ళు తాగినట్టు వాడేస్తారు. ఎవడూ కత్తి కట్టుకుని కాపలా కాయడు. ఫ్రాన్స్‌లో అది టోల్‌గేటు అయింది. దాటినవాడు నాగరికుడు, ఆగినవాడు నాటువాడు. ఆ గేటు ఎంత బాగా పనిచేస్తుందంటే, వలస వచ్చినవాళ్ళ మీద ద్వేషమే పెట్టుబడిగా దశాబ్దాల పాటు రాజకీయం నడిపిన జాన్-మరీ లెపెన్‌కు, ఈ క్రియారూపాన్ని ప్రసంగాల్లో అలవోకగా వాడతాడని గొప్ప పేరుండేది. మాట విషమైతేనేం, కాలానుగుణంగా నడిచింది కదా! అటువైపు సెనెగల్ నుంచి వచ్చిన నల్లవాడు లెయోపోల్డ్ సెంఘోర్ పారిస్‌లో చదివి, 1935లో వ్యాకరణంలోనే అక్కడి అతి కఠినమైన పోటీ పరీక్ష నెగ్గాడు. కవి అయ్యాడు, తన దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత, 1983లో గాని, అమరులు కుర్చీ చూపించలేదు. దొరగారి భాషలో దొరగారికే పాఠం చెప్పగలవాడికి గేటు దగ్గర ఎంతసేపు నిలబడాల్సి వచ్చిందో లెక్కేసుకోండి.

ఇప్పుడు ఈ క్యూలోకి మనవాళ్ళూ వచ్చి చేరారు. కెనడా శాశ్వత నివాసానికి (పీఆర్) ఫ్రెంచి వస్తే 50 దాకా అదనపు పాయింట్లు. 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవాళ్ళకు విడిగా పిలుపులు కూడా. దాంతో పగలు కోడింగు, రాత్రి కాంజుగేషను. హైదరాబాదులో ఆఫీసు క్యాబ్ ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 'ఇల్ ఫో క' అని గొణుక్కుంటున్నవాడు మంత్రం జపిస్తున్నాడనుకునేరు, పీఆర్ జపిస్తున్నాడు. బాబూ, నీ పరీక్షకు వర్తమాన సబ్జంక్టివ్ వస్తే చాలు. ఆ వెనక పేజీల పట్టిక జోలికి పోకు. పొరపాటున అది వంటబట్టి ఇంటర్వ్యూలో 'మీరు నన్ను పిలవాలని కోరుకున్నాను' అన్నదాన్ని శాస్త్రోక్తంగా అన్నావనుకో, ఎదుటివాడు నవ్వాపుకోలేక మంచినీళ్ళ గ్లాసు అందుకుంటాడు. ఆ నవ్వుకు పాయింట్లు లేవు.

ఆవు కథ ఒకటి మిగిలింది. పాలు పితకడాన్ని 'త్రేర్' అంటారు. ఆ క్రియకు పాసే సెంప్ల్ లేదని వ్యాకరణం నిర్ణయం. తల్లి లేనప్పుడు బిడ్డెక్కడిది, కాబట్టి ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివూ లేదు. ఏతావాతా నిన్న పొద్దున్నే ఆవును పితకాల్సి వచ్చిందన్న ముక్కను సబ్జంక్టివ్‌తో శాస్త్రసమ్మతంగా చెప్పే దారి నార్మండీ రైతుకు లేదు. వాడు వర్తమాన రూపంలో తప్పుగానే చెప్పుకుని, బిందె నింపుకుని పోతాడు. దాన్ని సహించాలని ఉత్తర్వు ఉండనే ఉంది. ఇక ఆవు సంగతంటారా, దాన్ని ఏ కాలంలో పితికారని అది ఇంతవరకు అకాడెమీకి అర్జీ పెట్టుకోలేదు.