చిల్లై కలాన్ సెలవు చీటీ

కాశ్మీరులో చలికాలానికి పక్కా సర్వీసు రూల్సున్నాయి. డిసెంబరు 21న చిల్లై కలాన్ దొరగారు డ్యూటీలో చేరాలి. నలభై రోజులు ఎముకలు కొరికి, గుల్‌మార్గ్‌ను మంచుతో నింపి, జనవరి నెలాఖరున చిల్లై ఖుర్దుకు ఛార్జి అప్పగించాలి. ఖుర్దుది ఇరవై రోజుల కొలువు. ఆ తర్వాత చిల్లై బచ్చాది పది రోజులు. 2023 డిసెంబరులో మాత్రం దొరగారు రిజిస్టర్లో సంతకం పెట్టి, కుర్చీకి కోటు తగిలించి ఎటో వెళ్లిపోయారు. అన్యాయంగా మాట్లాడకూడదు, రాత్రి షిఫ్టు చేశారు: కొళాయిల్లో నీళ్లు గడ్డకట్టాయి. ఎగ్గొట్టింది పగటి షిఫ్టు. ఢిల్లీ వాళ్లు పొగమంచులో గజగజలాడుతుంటే శ్రీనగర్ వాళ్లు స్వెటర్లు విప్పి ఎండ కాగారు.

విచారణలో తేలిందేమిటంటే, ఫైలు పైనుంచే కదల్లేదట. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్ఘానిస్థాన్ మీదుగా తేమ మోసుకొచ్చే పశ్చిమ అలజడులు డిసెంబరు, జనవరి రెండు నెలలూ దాదాపు మొహం చాటేశాయి. కాశ్మీరులో అలజడి లేదని జనం దిగులుపడటం బహుశా అప్పుడే చూశాం. పసిఫిక్‌లో ఎల్‌నినో నడుస్తోందనీ, భూమి వేడెక్కుతోందనీ నిపుణులు చెప్పారు. మసీదుల్లో వాన కోసం, మంచు కోసం ప్రత్యేక నమాజులు చేశారు.

చలికాలం సెలవు పెట్టొచ్చు గానీ ప్యాకేజీ టూరు పెట్టదు. అయిదు రాత్రులు, ఆరు పగళ్లు, అల్పాహారంతో సహా. మంకీ క్యాపులు, థర్మల్ బనీన్లు, ఆవకాయ సీసా సర్దుకుని మనవాళ్లు దిగనే దిగారు. కొండ కింద టంగ్‌మార్గ్‌లో గమ్‌బూట్లు, పొడవు కోట్లు అద్దెకిచ్చే కుర్రాడు రెడీ.

"పైన మంచుందా బాబూ?"

"బూట్లు తీసుకోండి సార్, తర్వాత చూద్దాం."

పైన గుల్‌మార్గ్‌లో, 2,650 మీటర్ల ఎత్తున, ఎండిన గడ్డి. గడ్డి మీద వరసగా పేర్చిన స్లెడ్జి బళ్లు. భుజాన స్కీలు వేసుకుని, ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల చేతులు దాచుకుని నించున్న కోచ్‌లు. గొండోలా అనే కేబుల్ కారెక్కి అఫర్వట్ కొండ దాకా పోతే మంచు కాస్త కళ్లబడింది. దాని పక్కన ఫొటో కోసం క్యూ.

"ఏవండీ, గడ్డి పడకుండా తియ్యండి."

"గడ్డి వదిలేస్తే నీ తలకాయొక్కటే వస్తుందే."

హైదరాబాద్‌లో ఈ బాధ లేకుండా 2004లోనే ఇందిరా పార్కు పక్కన స్నో వరల్డ్ తెరిచారు. అక్కడ చలికాలానికి టికెట్టూ, టైమూ ఉండేవి. బయట మే నెల ఎండ ఉన్నా లోపల మంచు. ఆ చల్లదనానికి అయ్యే కరెంటు బొగ్గు కాల్చి పుట్టించినా, ఆ పొగ హిమాలయాల దాకా పోతుందా ఏమిటి!

గుల్‌మార్గ్‌లో డబ్బు వాపసు అడిగిన పర్యాటకులకు కనీసం అడగడానికొక ఏజెంటున్నాడు. గుర్రాలవాడికి, స్లెడ్జి లాగేవాడికి ఆ సౌకర్యమూ లేదు. ఏడాది తిండి ఆ రెండు మూడు నెలల్లోనే సంపాదించాలి వాళ్లు. ఇక ఆపిల్ రైతుల సంగతి చెప్పనక్కర్లేదు. చెట్టుకి శీతాకాలపు చలి గంటలు చాలకపోతే పూత సరిగా రాదు, కొండమీద మంచు పేరుకోకపోతే వేసవిలో కాలువల్లో నీళ్లుండవు. వాళ్లకు గుల్‌మార్గ్ మంచు ఫొటో సరుకు కాదు, నీళ్ల ట్యాంకు.

దొరగారు చివరికి జనవరి నెలాఖరులో, రిటైరయ్యే ముందు మాత్రం వచ్చి, మంచు దులిపేసి పోయారు. వార్తలన్నీ తెల్లబడ్డాయి, హోటల్ రేట్లు పైకెక్కాయి, అంతా మరిచిపోయారు.

ఏడాది తిరిగింది. 2025 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడి, మార్చిలో జరిగాయి. క్రీడల తేదీ జరపడానికి అధికారులకు ఒక సర్క్యులర్ చాలింది. ఆపిల్ పూత తేదీ జరిపే సర్క్యులర్ ఏ సెక్షన్‌లో ఇస్తారో రైతులింకా కనుక్కుంటున్నారు.