అప్పుల బాధ

ఋణబాధ నెరుగని గృహస్థులుందురేమో గాని, ఆంగ్లక్రియల తోక పట్టుకొని వ్రేలాడు ‘అప్’ల బాధ నెరుగని విద్యార్థి మన దేశమున పుట్టలేదు. కొన్నాళ్ళుగా మా మనుమడు చదువు పేరిట నా ప్రాణమును తోడుచున్న క్రియ ‘సోక్ అప్’. వాని గైడులో దానికెదురుగా ‘అబ్జార్బ్’ అని యున్నది. నేను ‘పీల్చుకొనుట’ అంటిని. వాడంతటితో విడువక, “తాతయ్యా, వాన నీళ్ళు కిందికే కదా ఇంకుతాయి, మరి ‘అప్’ ఎందుకు?” అని నిలదీసెను.

ప్రశ్న న్యాయమైనదే. ఆంగ్లేయుడు పెరిగినను ‘అప్’, నోరు మూసినను ‘అప్’, ఇల్లు శుభ్రపరచినను ‘అప్’, కంచము ఊడ్చి తిన్నను ‘అప్’. వీనిలో నిజముగా పైకి పోవునది పెరుగుట యొక్కటియే. తక్కినచోట్ల నది దిక్కును గాక, ‘మిగులకుండ’ అను సమాప్త్యర్థమును సూచించునని వ్యాకర్తల సెలవు. సరే యని తల యూపుదుమా, నేల నీటిని ‘సోక్ అప్’ చేయును గాని, నీరు నేలలోనికి ‘సోక్ ఇన్’ అగును. పైగా నామవాచకము ‘అప్’కు ముందైనను వెనుకనైనను దర్జాగా కూర్చుండవచ్చును గాని, సర్వనామము మాత్రము నడుమనే నలుగవలెను: ‘సోక్ ఇట్ అప్’ సాధువు, ‘సోక్ అప్ ఇట్’ అసాధువు. ఇట్టి క్రియలు పరదేశీయులను మిక్కిలి కష్టపెట్టునని జాన్సన్ పండితుడు 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే ఒప్పుకొనెను. వీనికి ‘ఫ్రేజల్ వెర్బు’ అను పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన గ్రంథము ద్వారా వ్యాప్తికి తెచ్చెను. రోగము నాడే తెలిసినను, పేరు స్థిరపడుటకు నూట డెబ్బది ఏండ్లు పట్టినదన్నమాట. మందు నేటికిని లేదు.

ఎండను కూడ ‘సోక్ అప్’ చేయుదురట! హైడ్ పార్కులో మడతకుర్చీ వేసుకొన్న లండను వాసికది విలాసము. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నమున నట్లు కూర్చున్నచో, పీల్చుకొనునది ఎండయే, పీల్చబడునది మనమే.

తుదకు దృష్టాంతముగా ఆవడల నెత్తుకొంటిని. వేగిన గారెను తిన్నగా పెరుగులో పడవేయువారు పాకశాస్త్రద్రోహులు. ముందుగా గోరువెచ్చని నీట ముంచి, రెండరచేతుల నడుమ నొత్తవలెను. గట్టిగా నొత్తినచో చితుకును, ఒత్తకున్న నీరు వదలదు, పెరుగు చొరదు. పెరుగు చిలికినదై, అల్లము, పచ్చిమిరప నూరి కలిపినదై, ఆవాలు, కరివేపాకు తిరుగమోత పడినదై యుండవలెను. అరగంటకే మూత తీయు కక్కుర్తివానికి గారె నడుమ పొడిపిండి యెదురగును. రెండు మూడు గంటలు ఓర్చినవానికి గారె ఉబ్బి, వ్రేలితో నొక్కిన చోట పెరుగు ఊరును. ఇక మినుములు పొట్టువా, పొట్టు తీసినవా యను మహావివాదమునకు వచ్చుచుండగా, మనుమడు, “ఇది పరీక్షలో వస్తుందా?” అని అడిగెను. అదే సమయమునకు వంటింటి నుండి మా ఆవిడ, “గారెలు పెరుగంతా పీల్చేశాయండీ, ఇంకో గరిటె పొయ్యనా?” అని కేకవేసినది.

‘పీల్చివేసినవి!’ ఆ ‘వేయుట’ యేమి? ఎవరు దేనిని ఎక్కడ వేసిరి? మన ‘వేయు’ చేయు పని యచ్చముగా వారి ‘అప్’ చేయు పనియే. అయినను మనుమడు దానిని ప్రశ్నింపలేదు. ఉగ్గుపాలతో వచ్చినదానికి గైడుతో పని యేమి? నాకు ఆంగ్లము పుస్తకము నుండియే వచ్చినది. కనుక ‘అబ్జార్బ్’, ‘పోస్ట్‌పోన్’ వంటి పెద్దమనుషులు పిలిచిన పలుకుదురు గాని, ‘సోక్ అప్’, ‘పుట్ ఆఫ్’ వంటి ఇంటిపిల్లలు నా చెంతకు రారు. ఆ భాషలో జీవితమంతయు అర్జీలు వ్రాసి పింఛను తినుచున్నాను. ఆ భాషలో ఒక పసివాని ముద్దు చేయలేను, ఒక స్నేహితునితో మనసార పోట్లాడలేను.

మనుమడిప్పుడు ‘పుట్ అప్ విత్’ దగ్గరకు వచ్చినాడు. దానికర్థము సహించుట, సహించుచున్నాను.