ఘనుడె ఘనుడు: ఒక వాచీ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
నీటిలోన మునిగి నిలిచి నడచునట్టి
ముల్లు రాత్రివేళ మురిసి వెలుగ
తిరుగు నొక్కవైపె తీరు తప్పని చుట్టు
కలుగు వాచి కట్టు ఘనుడె ఘనుడు

అవతారిక: ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ లేదు, కర్త ఎవరో అడగవద్దు. తణుకు వాళ్ళకి పద్యంతో ఒక చనువుంది. నన్నయ భట్టారకుడు ఇక్కడ గోస్తనీ తీరాన యజ్ఞం చేశాడని పెద్దల మాట. భారతం రాజమహేంద్రవరానిదే కావచ్చు గానీ యజ్ఞం మాత్రం మాదేనని ఊరు పట్టు వదలదు. అంతటి ఊళ్ళో చేతి వాచీ మీద ఒక ఆటవెలదీ, దానికో వ్యాఖ్యా లేకపోవడం వెలితి కాదా!

ఇక సందర్భం. కైకలూరు, ఆకివీడు మధ్య చెరువు గట్ల మీద తిరిగే ఒక ఆసామి వాచీలో ఆవిరి పట్టింది. కొత్తది కొందామని తణుకు వస్తే కొట్టువాడు డైవరు వాచీ చూపించాడు. "మనమెక్కడ దూకుతాం లెండి, ఆయ్!" అని ఆసామి నవ్వి లేవబోగా, పక్కనున్న కవి ఆయన్ని కూర్చోబెట్టి చెప్పిన పద్యం ఇది.

ప్రతిపదార్థం:

నీటిలోన = నీటియందు. ఏ నీరు అన్నది కవి చెప్పలేదు. చెప్పకపోవడమే ఇక్కడి చమత్కారం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే కొల్లేటి మంచినీరు ఒకటి. ఉప్పుటేరు వెంట సముద్రం నుంచి ఎగదన్నే ఉప్పునీరు ఒకటి. వనామి రొయ్యల చెరువులో సున్నం, మేత, బురద కలిసిన చిక్కటి నీరు ఇంకొకటి. వీటన్నిటికంటే దొంగ నీరు వైశాఖంలో మణికట్టు మీద ఊరే చెమట. అందులోనూ ఉప్పే. తోలు బెల్టును ముందు కుళ్ళబెట్టేది అదే. కాబట్టి ఈ ప్రాంతంలో వాచీ కట్టినవాడెవడైనా నీళ్ళలో ఉన్నట్టే లెక్క. స్టీలు 316ఎల్ రకమై, బెల్టు రబ్బరుదో నైలాన్‌దో అయితే ఈ మొదటి పదానికి అర్థం కుదురుతుంది.

మునిగి = మునుగుట చేసి. ఎంత లోతున? డయలు మీద 200 మీటర్లని ఉంటుంది. కొల్లేరు నిండుగా ఉన్నప్పుడు కూడా మూడు మీటర్ల లోతు దొరకడం కష్టం. ఆ సరస్సును లోతుతో కాదు, కాంటూరుతో, అంటే సముద్రమట్టానికి ఎంత ఎత్తో చూపే గీతతో కొలుస్తారు. 1999లో ప్రభుత్వం అభయారణ్యమన్నది ఐదో కాంటూరు దాకా, 2006లో చెరువు గట్లు తెగ్గొట్టిందీ ఆ గీత లోపలే. ఆ గీత మీద జరిగినంత వాదం మునిగే లోతు మీద ఎవరూ చేసి ఉండరు. మరి మిగతా 197 మీటర్లు ఎవరికోసం?

ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం ఆగాలి. 30 మీటర్లని రాసిన వాచీతో 30 మీటర్లు దిగవచ్చని కాదు. కదలని నీటిలో అంత ఒత్తిడికి ఓర్చిందని మాత్రమే. నడుస్తున్న కాలవలో చెయ్యి విసిరితే, మోటారు పైపు కింద పెట్టి కడిగితే, వాచీ మీద పడే దెబ్బ వేరు. 30 అంటే చేతులు కడుక్కోవచ్చు. 50 అంటే జాగ్రత్తగా ఈదవచ్చు. ధైర్యంగా మునగాలంటే 100 నుంచి మొదలు. నిజమైన డైవరు వాచీకి ఐఎస్ఓ 6425 అని ఒక ధర్మశాస్త్రం ఉంది. దాని ప్రకారం 100 మీటర్లకు తక్కువైతే ఆ పేరే పెట్టకూడదు. రాసిన లోతుకు పాతిక శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి, ఏదో ఒక మచ్చు వాచీని కాదు, ప్రతి వాచీనీ పరీక్షించాలి. ఉప్పునీటిలో ఒక పగలూ రాత్రీ ఉంచాలి. మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క మీద పడ్డంత దెబ్బకు ఓర్వాలి. మనం 200 మీటర్లకు డబ్బిచ్చి కొనేది లోతును కాదు, ఈ పరీక్షలను.

మునుగుట అనగానే ద్వైపాయన హ్రదం గుర్తు రావాలి. జలస్తంభన విద్యతో మడుగులో దాగిన సుయోధనుడి చేతికి వాచీ ఉన్నట్టు మూలంలో లేదు. ఉంటే పైకి ఎప్పుడు రావాలో ఆయనే లెక్క చూసుకునేవాడు, ధర్మరాజు నోరు చేసుకునే పని తప్పేది. గజేంద్రుడి వేయి సంవత్సరాల పెనుగులాటను మాత్రం ఇక్కడికి తేవద్దు. అంతకాలం ఏ సెల్లూ రాదు.

నిలిచి = చెడక ఉండి. మన పూర్వుల ఘటికాయంత్రం మునగడానికే పుట్టింది. అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నెను నీటి మీద వదిలితే 24 నిమిషాలకు నిండి మునిగేది. మునిగితే గడియ అయినట్టు. ఇప్పటి వాచీ మునిగితే మాత్రం దాని గడియలు అయిపోయినట్టు. ఈ తేడాను దాటించినవాడే నిలిచినవాడు. 1926లో రోలెక్స్ ఆయిస్టర్ వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఆవిడ ఇంగ్లిష్ ఛానల్ చల్లటి నీళ్ళలో దాన్ని మెడలో వేసుకుని గంటల తరబడి ఈదింది. ఒడ్డు చేరకుండానే ఆమెను పైకి లాగవలసి వచ్చింది, వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. కంపెనీ పత్రికలో ప్రకటన వేసింది వాచీ గురించి కాబట్టి దానికి ఇబ్బంది లేకపోయింది.

వాచీ నిలవడంలో రహస్యమంతా రెండు చోట్ల ఉంది: వెనక మూత కింద ఉండే రబ్బరు వాషరులోనూ, పక్కనుండే కీలోనూ. కీ మరలా తిప్పి బిగించే రకం కావాలి. తారీకు మార్చి బిగించడం మరచి చెరువులో దిగినవాడికి 200 మీటర్లూ ఒక్కటే, అసలు మీటర్లు లేకపోవడమూ ఒక్కటే. వేడినీళ్ళ స్నానం కూడా వద్దు, వేడికి వాషరు త్వరగా ముసలిదవుతుంది.

ముల్లు రాత్రివేళ మురిసి వెలుగ = చీకట్లో ముళ్ళు కనిపించగా. పూర్వపక్షి లేచి, "ఫోనుండగా ముల్లెందుకండీ?" అంటాడు. ఆయన ఎప్పుడూ తెల్లవారుజామున చెరువు గట్టున నిలబడలేదన్నమాట. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్య, చేప అన్నీ ప్రాణవాయువు పీల్చుకుంటాయి, ఎండ లేక కొత్తది పుట్టదు. తెల్లవారకముందే అది అట్టడుక్కి పడిపోతుంది. అప్పుడే కరెంటు పోతుంది. ఏరేటర్లు ఆగుతాయి, జనరేటరు వైపు పరుగు. కరెంటు ఎన్నింటికి పోయిందో, జనరేటరు ఎన్నింటికి అందుకుందో తెలియాలి. చేతినిండా మేత పొడి, తడి. ఫోను ప్లాస్టిక్ కవరులో, కవరు లుంగీ మడతలో. ఆ వేళ మణికట్టు ఒక్కసారి తిప్పితే ఆకుపచ్చగా నవ్వే ముల్లు విలువ అక్కడున్నవాడికే తెలుసు. అందుకే కవి "మెరిసి" అనక "మురిసి" అన్నాడు. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి కనిపించాలన్నది పైన చెప్పిన ధర్మశాస్త్రంలోని మాటే. మనవాళ్ళు దీన్ని రేడియం అంటారు గానీ, ఇప్పటి వాచీల్లో రేడియం లేదు. పగటి వెలుగు తాగి రాత్రి కక్కే పూత అది, భయం లేదు.

తిరుగు నొక్కవైపె తీరు తప్పని చుట్టు = డయలు చుట్టూ ఉండి ఒకే దిక్కుకు తిరిగే వలయము. పద్యానికి ప్రాణం ఈ పాదం. "చుట్ట" అని పాఠాంతరం చూపినవారున్నారు. గోదావరి జిల్లాల మీద ప్రేమతో అన్నమాట, అది గ్రాహ్యం కాదు.

చుట్టు మీది చుక్కను నిమిషాల ముల్లు ఎదుటికి తిప్పి దిగుతారు. ముల్లు ఆ చుక్క నుంచి ఎంత దూరం పోతే అన్ని నిమిషాలు గడిచినట్టు. 1953 నాటి బ్లాంపాన్ ఫిఫ్టీ ఫాదమ్స్‌తో ఈ ఏర్పాటు పేరు పొందింది. ఒకే వైపు ఎందుకంటే, రాయి తగిలి చుట్టు జరిగినా గడిచిన కాలాన్ని ఎక్కువే చూపాలి, తక్కువ చూపరాదు. ఎక్కువ చూపితే మనిషి ముందే పైకి వస్తాడు. తక్కువ చూపితే సిలిండరులో గాలి ముందే అయిపోతుంది.

"మాకు సిలిండరు లేదు కదండీ" అనేది ఆసామి శంక. సమాధానం: చెక్ ట్రే ఉంది. వనామికి మేత చల్లి, ఆ మేతే కొంచెం ట్రేలో పెట్టి చెరువులో దింపుతారు. చెప్పిన గడువుకు పైకి తీసి చూస్తారు. మిగిలితే మేత ఎక్కువైందని, ఖాళీ అయితే చాలలేదని. గడువు దాటాక తీస్తే ట్రే ఎటూ ఖాళీగానే ఉంటుంది, మర్నాడు మేత పెంచి నీరు పాడుచేసుకోవడమే. ట్రే దింపగానే చుక్కను ముల్లు దగ్గరికి తిప్పితే చాలు, టైము రాసుకోనక్కరలేదు. రెండు గంటల గడువైతే ముల్లు రెండుసార్లు చుక్కను కలుస్తుంది, అది గుర్తుంచుకునే భారం మనదే. ఎర్ర సముద్రంలో పగడాల మధ్య ఈదే దొర ఈ చుట్టును సెలవుల్లో ఒకసారి తిప్పుతాడు. మనవాడు రోజుకి నాలుగు మేతలకు నాలుగుసార్లు తిప్పుతాడు. డైవరు వాచీకి అసలు వారసుడు ఎవరో పాఠకులే తేల్చుకోవచ్చు.

గాజు గురించి కవి మాట్లాడలేదు. గణాలు చాలక విడిచి ఉంటాడు. ఇసుక రేణువు కాఠిన్యం 7, మామూలు గాజుది అంతకు తక్కువ, సఫైర్ గాజుది 9. అంటే సఫైరు మీద ఇసుక గీత పడదు, అయితే గట్టి దెబ్బకు పగలవచ్చు. సఫైరంటే నీలం అని విని, "శని రత్నం కదా, జాతకం చూపించకుండా కట్టవచ్చునా?" అని ఒకరు సిద్ధాంతిగారి దగ్గరికి బయలుదేరారు. అది కొలిమిలో చేసిన రంగులేని నీలం, దాని మీద శనికి అధికారం లేదని వ్యాఖ్యాత అభిప్రాయం. సిద్ధాంతిగారిది వేరుగా ఉండవచ్చు.

కలుగు వాచి కట్టు = పై లక్షణాలన్నీ ఉన్న వాచీని ధరించు. ఇక్కడ శాఖాభేదాలున్నాయి. 1961లో సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీని పెళ్ళికి మామగారు పెట్టిన తరం ఉంది. అది ప్రేమకు పనికొస్తుంది, చెరువుకు రాదు, బీరువాలో ఉండనివ్వండి. 1965లో 150 మీటర్లతో తొలి డైవరు తెచ్చిన సీకోది ఒక శాఖ, ఎండతోనే నడిచే సిటిజన్ ప్రోమాస్టరుది మరొకటి. సెల్లు మార్చే పనే అరుదు కాబట్టి మూత తెరిచే ప్రమాదం తక్కువ, నా మొగ్గు దీనికే. చవకలో 200 మీటర్లిచ్చే కాసియో డ్యూరోను తక్కువ చేయరాదు గానీ దానికి ధర్మశాస్త్ర పరీక్ష ముద్ర లేదు. జీ-షాక్ వారిది ద్వైతం. తండ్రి ఇచ్చిన వాచీ కిందపడి ముక్కలైందన్న బాధతో కికువో ఇబె దాన్ని రూపొందించాడు, 1983లో వచ్చింది. నిజం చెప్పాలంటే చెరువుకు అదే మేలు. కానీ అది అంకెల వాచీ, పద్యంలో "ముల్లు" అన్న పదం ఉండిపోయింది, వ్యాఖ్యాత ఏం చెయ్యగలడు?

ఘనుడె ఘనుడు = పునరుక్తి దోషం కాదు. మొదటి ఘనుడు 44 మిల్లీమీటర్ల బరువు మోసేవాడు. రెండో ఘనుడు గొప్పవాడు. మణికట్టు సన్నమైతే 40కి దిగండి, ఛందస్సు చెడదు.

తాత్పర్యం: తడిలో బతికేవాడా, లోతు చూసి మురిసిపోక, కీ, వాషరు, ముల్లు, చుట్టు చూసి వాచీ కొనుము. సాయంత్రం ఇంటికొచ్చి కీ బిగిసి ఉన్నదని చూసుకొని మంచినీళ్ళతో కడుగుము.

చివరి శంక: "నాది డైవరేనండీ, అయినా నీళ్ళు దిగాయి. ఎందుకు?"
"సెల్లు ఎక్కడ మార్పించారు?"
"సంతలోనండి. చాకుతో మూత లేపి మార్చేశాడు."
"వాషరు మార్చాడా? గ్రీజు రాశాడా? ఒత్తిడి పెట్టి చూశాడా?"
"చేత్తో నొక్కి చూశాడండి."

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య చదివినవారికి, విన్నవారికి కలిగే ఫలం వారంటీ కార్డులో ఉంది. సెల్లు, బెల్టు, గాజు వర్తించవు.