పనికొస్తుంది, ఉండనీ!

తెలుగువాళ్ల ఇంట్లో మనుషులు కింద కాపురముంటారు, ‘ఏమో’ అటక మీద కాపురముంటుంది. ఏమో, ఎప్పుడైనా పనికొస్తుందేమో! ఈ ‘ఏమో’కి అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, ఖాళీ చెయ్యమని అడిగే నాథుడూ లేడు. పాత పెంకుటిళ్లలో నిచ్చెన వేసుకుని ఎక్కే అటకలుండేవి. అపార్ట్‌మెంట్లు వచ్చాక వాటి పీడ విరగడవుతుందని కొందరు ఆశపడ్డారు. బిల్డరూ తెలుగువాడే కదా! ప్రతి గదిలోనూ తలుపు మీద ఒక లాఫ్టు పోశాడు. అదీ నిండాక, పరుపు ఎత్తితే గోదాము కనిపించే బాక్సు మంచాలొచ్చాయి. ఇప్పుడు ‘ఏమో’ మీదే పడుకుని నిద్రపోతున్నాం.

విజయవాడలో మా లాఫ్టు సంగతే చూడండి. మూతల్లేని హార్లిక్స్ సీసాలు ఒక పక్క, సీసాల్లేని మూతలు ఒక పక్క. ఈ సంబంధాలు కుదిరేవి కావని తెలిసినా మా ఆవిడ ఆశ వదులుకోదు. పూతరేకులొచ్చిన అట్టపెట్టెలు, మిఠాయి కొట్టు ప్లాస్టిక్ డబ్బాలు, ఏ ఫోనువో తెలియని చార్జర్లు, టీవీ పోయినా ప్రాణాలతో మిగిలిన రిమోటు, మోటారు కాలిన మిక్సీలు. వాటి వెనకాల మా అబ్బాయి ఎంసెట్ పుస్తకాలు. వాడికి పెళ్లయింది, డల్లాస్‌లో ఉద్యోగం. పుస్తకాలు మాత్రం మళ్లీ రాయాల్సొస్తే రెడీ అన్నట్టు అట్టలేసుకుని కూర్చున్నాయి.

వీటన్నిటికీ పెద్దదిక్కు స్టీలు సామాను. పెళ్లికో గృహప్రవేశానికో గిన్నె చదివించేవాళ్లు దానిమీద పేరు కొట్టించి మరీ ఇస్తారు. కొట్లో ఆ గిర్రుమనే మిషనుతో చెక్కిన అక్షరాల ముందు రాజుల శాసనాలు దిగదుడుపే. ఒక పాత బేసిను ఎవరికైనా ఇచ్చేద్దామని నోరు జారితే మా అత్తగారు కళ్లొత్తుకున్నారు. ‘‘అది మా పెద్దత్త ఇచ్చింది అల్లుడుగారూ, పేరు కూడా ఉంది. ఆవిణ్ణి బయటికి గెంటేస్తామా?’’ ఆ పెద్దత్తగారు బతికున్నన్నాళ్లూ వీళ్లిద్దరికీ మాటల్లేవని ఊరందరికీ తెలుసు.

ఈ జబ్బు మనకే అంటుకుందనుకునేరు. కానెమాన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పండితులు అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద చేసిన ప్రయోగాన్ని 1990లో అచ్చువేశారు. సగం మందికి తలా ఒక కాఫీ కప్పు ఇచ్చారు. కప్పున్నవాళ్లని ఎంతకు అమ్ముతారనీ, లేనివాళ్లని ఎంతకు కొంటారనీ అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న ధరకు రెట్టింపు పైమాటే. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు, అప్పుడే అది పూర్వీకుల ఆస్తి అయిపోయింది! కానెమాన్‌కు 2002లో, థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతులొచ్చాయి. కార్నెల్ దాకా ఎందుకు, మా వీధిలో స్టీలు సామాన్లావిడ గంప దించినప్పుడు గుమ్మంలో నిలబడితే అదే సిద్ధాంతం ఉచితంగా దొరికేది.

‘‘పాత బట్టలకి స్టీలు సామాన్లమ్మా’’ అని కేక వినపడగానే మా ఆవిడ మూట విప్పుతుంది. అప్పటిదాకా పొడిగుడ్డకు కూడా పనికిరాని నా ప్యాంటు, బేరం మొదలవగానే పెళ్లిలో పెట్టిన బట్టలైపోతుంది. ‘‘జిప్పు చూడు, ఎంత గట్టిగా ఉందో!’’ అంటుంది ఈవిడ. ‘‘జిప్పుతో ఏం చేసుకుంటానమ్మా, మోకాలు దగ్గర చూడు’’ అంటుందావిడ. చిన్న టిఫిను గిన్నెకు ఇంకో చీర వెయ్యమని ఆవిడా, చీర వేస్తే మూత కూడా ఇవ్వమని ఈవిడా ఎండ నడినెత్తికొచ్చేదాకా లాక్కుంటారు. చివరికి బట్టలు బయటికి వెళతాయి, గిన్నె లోపలికొస్తుంది. పదార్థాన్ని సృష్టించలేం, నాశనం చెయ్యలేం అని లవోయిజర్ పద్దెనిమిదో శతాబ్దంలో చెప్పిన ద్రవ్యనిత్యత్వ నియమం మా ఇంట్లో ఏటా రుజువవుతుంది. బరువు అంతే, మెరుపొక్కటే కొత్తది.

ఇంక జాకెట్టు ముక్కలు. శ్రావణమాసం వాయనాల్లో తిరిగే జాకెట్టు ముక్కని ఎవరైనా కుట్టించుకున్న దాఖలా మా వీధిలో లేదు. వరలక్ష్మీవ్రతం నాడు మా ఆవిడ ఒక ముక్క అంచున బాల్‌పెన్నుతో చుక్క పెట్టి తాంబూలంలో ఇచ్చింది. ఎన్ని గడపలు తొక్కిందో, ఎంత పసుపు పూయించుకుందో గానీ, అట్లతద్దెకల్లా చుక్కతో సహా క్షేమంగా పుట్టింటికి చేరింది. పుచ్చుకున్న ఆవిడకూ అక్కర్లేదని తెలిసే ఇస్తాం, మనకు అక్కర్లేదని తెలిసే ఆవిడా పుచ్చుకుంటుంది. మర్యాద మాత్రం ఎక్కడా చిరగలేదు.

పనికిరానిదాన్ని దానం కింద చెలామణీ చేసే విద్యకు మనమే ఆద్యులమనుకుంటే అదీ గర్వమే. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యాగం చేసి ఉన్నదంతా దానం ఇస్తానన్నాడు. తీరా ఇచ్చిన ఆవులు ఎలాంటివంటే, తాగాల్సిన నీళ్లు తాగేశాయి, తినాల్సిన గడ్డి తినేశాయి, ఇవ్వాల్సిన పాలు ఇచ్చేశాయి. ఇక వాటి దగ్గర మిగిలింది కొమ్ములే. కొడుకు నచికేతుడు ఇది చూసి, ‘‘మరి నన్నెవరికిస్తావు నాన్నా?’’ అని పట్టుకున్నాడు. మూడోసారి అడిగేసరికి తండ్రికి ఒళ్లు మండి, ‘‘యముడికిస్తా పో’’ అన్నాడు. ఇల్లు సర్దుతున్న తండ్రి వెనకాల తిరుగుతూ పిల్లలు ప్రశ్నలేస్తే ఏం జవాబొస్తుందో మనవాళ్లు ఏనాడో రాసిపెట్టారు.

మా ఇంట్లో గోవుల్లేవు గనక మిక్సీలతో సరిపెట్టుకున్నాం. పోయిన దసరాకి మా ఆవిడ ఒక మిక్సీ కిందికి దింపి, తుడిచి, బొట్టొక్కటే తక్కువగా పనావిడ ముందు పెట్టింది. ‘‘మోటారు మార్పిస్తే బంగారంలా తిరుగుతుందే’’ అంది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘మోటారు మార్పించాల్సినవి మా ఇంట్లో రెండున్నాయమ్మగారూ’’ అంది. ‘‘అరే, రెండెందుకే?’’ ‘‘మీరిచ్చినవే కదమ్మగారూ!’’

అప్పుడర్థమైంది, మనం చేస్తున్నది మన లాఫ్టుని ఖాళీ చెయ్యడం కాదు, లాఫ్టు లేనివాళ్ల ఇంటిని నింపడం. 2004 సునామీ తర్వాత దేశం నలుమూలల నుంచీ తమిళనాడు తీరానికి బట్టల మూటలు వెళ్లాయి. కట్టుకోవడానికి పనికిరానివి రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. సర్వం పోగొట్టుకున్నవాడికి సిగ్గు కూడా పోయిందనుకుంటాం, అదీ మన లెక్క. 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ ఈ లెక్కనే తిరగరాసింది. పట్నాల్లో పోగైన బట్టల్ని ఏరి, బాగుచేసి పల్లెలకు పంపుతారు. ఊరివాళ్లు బావో చెరువో బాగుచేసుకుంటే, ఆ కష్టానికి బదులుగా అవి అందుతాయి. చెయ్యి చాచి తీసుకున్నది కాదు, చెమటోడ్చి సంపాదించుకున్నది. అంశు గుప్తాకు 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. జిప్పు గట్టిదా కాదా అని వాళ్లు కూడా చూస్తారు, కానీ తొడుక్కునేవాడి తరఫున.

మాకు మాత్రం ఈ పాఠం చెప్పింది బుడమేరు వాగు. 2024 సెప్టెంబరు మొదట్లో అది మా ఊళ్లో సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా తోడల్లుడి ఇంట్లో నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. ఫ్రిజ్జు, మంచం, వాషింగ్ మిషను, స్కూటరు... రోజూ వాడే ప్రతి వస్తువూ మునిగింది. లాఫ్టు మీద ఏనాడూ వాడని ప్రతి వస్తువూ చుక్క నీరు తగలకుండా భద్రంగా ఉంది! బురద ఎత్తిపోసి ఇంట్లోకి వెళ్లిన తోడల్లుడు తలెత్తి చూసి, ‘‘నువ్వు దాచినవన్నీ ఉన్నాయి, మనం వాడేవే పోయాయి’’ అని మా మరదలికి శుభవార్త చెప్పాడట.

ఆ వెనక వీధిలో అద్దె గదుల్లో ఉన్నవాళ్లకు దాచుకున్నవీ లేవు, వాడుకునేవీ మిగల్లేదు. అన్నం వండుకోవడానికి గిన్నె లేదు. మరదలు లాఫ్టు మీది సామాను దింపి పంచేసింది. సరిపోలేదని అక్కకు ఫోను చేసింది. నేను నిచ్చెన తెచ్చేలోపే మా అత్తగారు కొంగు బిగించి, ‘‘పై వరసవి దించండి అల్లుడుగారూ, అడుగు మందంగా ఉన్నవి. పల్చటివి వాళ్లకెందుకు, మాడిపోతాయి’’ అన్నారు. బేరం లేదు, కళ్లొత్తుకోవడం లేదు. పెద్దత్తగారి బేసిను కూడా ఆటో ఎక్కింది.

అత్తగారు ఇవ్వడమైతే ఇచ్చారు గానీ వదల్లేదు. వారానికోసారి మరదలికి ఫోను చేసి, ‘‘బేసిను వాడుతున్నారా? పీచుతో తోమమను, బూడిదతో వద్దను’’ అని ఆరా. ఒకరోజు అటు నుంచి కబురొచ్చింది: ‘‘పేరు ఎవరిదో తెలియదు గానీ రోజూ ఆ తల్లి బేసిన్లోనే అన్నం వారుస్తున్నాం.’’ అత్తగారు కాసేపు ఆలోచించి, ‘‘బతికుండగా పొయ్యి దగ్గరికి రాని మనిషి, ఇన్నాళ్లకి వంట మొదలెట్టింది’’ అన్నారు. పెద్దత్తగారితో రాజీ కుదిరినట్టే ఉంది.

అప్పట్నుంచి ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. ఇచ్చే వస్తువు పుచ్చుకున్నవాళ్ల ఇంట్లో మర్నాడు పొద్దున్నే వాడకంలోకి రావాలి. వస్తే అది దానం. రాకపోతే అది సామాను రవాణా, పైగా కిరాయి మనం కట్టనిది.

దీనికి బలంగా ఉంటుందని మా ఆవిడకు హర్షవర్ధనుడి కథ కూడా చెప్పాను. ఏడో శతాబ్దంలో ఆయన అయిదేళ్లకోసారి ప్రయాగలో ఖజానా మొత్తం పంచేసేవాడు. ఒంటిమీది నగలూ బట్టలూ కూడా ఇచ్చేసి, చివరికి చెల్లెలు రాజ్యశ్రీ నుంచి ఒక పాత వస్త్రం తీసుకుని కట్టుకున్నాడట. ఆ ఉత్సవాన్ని కళ్లారా చూసిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ జీవిత చరిత్రలో ఈ ముచ్చట ఉంది.

మా ఆవిడ శ్రద్ధగా విన్నది. ‘‘అంటే, ఆ మహారాజు పరువు దక్కింది ఇంట్లో ఆడపిల్ల పాత బట్ట దాచబట్టేగా?’’ అంది. చరిత్రకారులెవరూ పట్టించుకోని కోణం. నేను జవాబు వెతుక్కునేలోపే, ఇచ్చెయ్యడానికి నేను కట్టిన మూట విప్పి నా లుంగీ బయటికి తీసింది.

‘‘రేపు మీకూ దానం పూనిందనుకోండి, కట్టుకోవడానికి ఉండొద్దూ!’’