గార పండ్లకు పెళ్లి మెరుపు

మా రోజుల్లో ఉదయగిరి దిక్కున పెళ్లిచూపులకు పోతే పిల్ల నవ్వినా గార కనపడేది, పిల్లోడు నవ్వినా గారే కనపడేది. ఎవరూ వంక పెట్టేవాళ్లు కాదు. వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు, ఏ దిక్కు చూసినా అవే పండ్లు. "ఆ నీళ్లు అంతే" అని సరిపెట్టేవాళ్లు. ఇప్పుడు లగ్నపత్రిక రాసుకున్న మర్నాడే ఆత్మకూరుకో నెల్లూరుకో బస్సెక్కి పండ్లు తెల్లగా చేయించుకోవాలంట! చేయించుకోండి, కాదన్ను. అది ఏ గారో అడక్కుండానే మందు పూయించుకుంటున్నారే, నా బాధంతా అక్కడ.

టీ, చుట్ట, వక్కాకు వల్ల పైన పట్టే గార ఒకటి. డాక్టరు క్లీనింగ్ చేస్తే అది చాలావరకు పోతుంది, బ్లీచింగే అక్కర్లేదు. మా మెట్ట గార వేరు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై, ఎనామెల్ తయారయ్యే చిన్న వయసులోనే పంటి లోపల పడ్డ మచ్చ అది. అద్దంలో చూసుకోండి: రెండు ముందుపండ్ల మీదా ఒకే ఎత్తున అడ్డంగా గోధుమరంగు చారలు, పక్కన సుద్దలాంటి తెల్లమచ్చలు. మన దేశంలో ఈ జబ్బును డాక్టర్లు మొట్టమొదట రాసి బయటపెట్టింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే. ఇంత చరిత్ర ఉన్న మచ్చను టీ మరకనుకుంటే ఎట్టా?

మా బంధువుల పిల్ల ఒకతె పెళ్లివారంలో ఒక బ్యూటీ పార్లర్‌లో నోరు తెరిచి కూర్చుంది. జెల్ పూసి, నీలం లైటు పెట్టారు. ఆ లైటు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, పనిచేసేది పెరాక్సైడు మందే. చారల రంగు కాస్త తగ్గింది, తెల్లమచ్చలు మాత్రం మునుపటికంటే కొట్టొచ్చినట్టు కనపడినాయి. చిగుళ్ల అంచు పాలిపోయి మండింది. పెళ్లిరోజు చల్లటి మజ్జిగ ఒక్క గుక్క తాగి, పండ్లు జివ్వుమని గ్లాసు పక్కన పెట్టేసింది ఆ బిడ్డ.

పెరాక్సైడు రంగును విరుస్తుందే గానీ మచ్చను పూడ్చదు. మా రకం పండ్లకు పైపొరను సన్నగా అరగదీయడమో, రెసిన్ ఎక్కించడమో, గుంటలు పడి ఉంటే వెనీర్ తొడగడమో కావాలి. ఏది కావాలో రిజిస్టరైన దంతవైద్యుడు చూసి చెప్పాలి, పార్లర్ కాదు. ఐరోపాలో 0.1 శాతం దాటిన పెరాక్సైడు మందు దంతవైద్యుడి చేతిమీదుగానే, 18 ఏళ్లు నిండినవాళ్లకే వాడాలని 2011లోనే నియమం పెట్టారు. పుప్పిపన్ను, చిగుళ్ల జబ్బు ఉంటే ముందు వాటిని బాగుచేయించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. కట్టించుకున్న పన్ను, క్యాపు, పూడ్పించిన సిమెంటు రంగు మారవు, చుట్టూ పండ్లు తెల్లబడితే అవి ఇంకా పచ్చగా కనపడతాయి. వచ్చిన తెలుపూ శాశ్వతం కాదు. ఇవన్నీ చూసుకోవడానికి టైము కావాలి గనక, పెళ్లికి రెండు నెలల ముందే డాక్టరు దగ్గరికి పోవాలంటున్నాను.

వేపపుల్ల సంగతి సరే, మా రోజుల్లో ఇటుకపొడితో, బొగ్గుతో రుద్దుకున్నదంతా మంచిదని నేననను. ఎనామెల్ అరిగిపోయేది. ఇప్పుడు అదే బొగ్గును ట్యూబులో పెట్టి అమ్ముతుంటే ఎగబడి కొంటున్నారు!

నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. పెళ్లికూతురి పండ్లకు వేలు పోసిన ఆ ఇంట్లోనే మూడేళ్ల పిల్లోడు బోరు నీళ్లే తాగుతున్నాడు. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కాస్తే పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. వాడికి రాబోయే పండ్లు ఇప్పుడే చిగుళ్ల కింద తయారవుతున్నాయి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబుకు ఒక సీసా నీళ్లు తీసుకుపోయి చూపించమని వాళ్ల నాయనకు చెప్పొచ్చాను. పోయిందాకా అడుగుతూనే ఉంటాను.