ముఖలేపన మీమాంస

తర్కము, వ్యాకరణము మొదలైన శాస్త్రములు దిక్కులేక మూలబడినవని వగచు పెద్దలు మన స్నానాలగదుల వంక ఒక్కమారు తొంగిచూచినచో వారి దుఃఖము చాలవరకు ఉపశమించును; ఏలయన, పూర్వము కాశికిపోయి పన్నెండేండ్లు గురుశుశ్రూష చేసినగాని అలవడని ఖండనమండన చాతుర్యము నేడు ఇంటర్మీడియట్ చదువు పిల్లలకు సైతము కరతలామలకమై, క్రీము డబ్బాను వెనుకకు త్రిప్పి, భూతద్దమునకును లొంగని అక్షరములలో అచ్చయిన పదార్థముల పట్టికను గడగడ చదివి, ఇది గ్రాహ్యము, ఇది త్యాజ్యము అని క్షణకాలములో తీర్పు చెప్పువరకు మన ప్రజ్ఞ పెరిగినది. పెండ్లి పెట్టుపోతల జాబితాను గూడ ఇంత శ్రద్ధగా పరిశీలించిన వారిని నేనెరుగను.

ఈ నవ్యమీమాంసకు సూత్రములు రెండే. నోరు తిరగని పేరుగలదెల్ల విషము; చెట్టున కాచినదెల్ల అమృతము. సూత్రమున అర్ధమాత్ర తగ్గినను పుత్రోత్సవమంత సంబరపడు వైయాకరణులు ఈ లాఘవమును చూచినచో ఏమనెడివారో గాని, అంగడివారు మాత్రము చాల సంతోషించుచున్నారు.

మొదటి సూత్రము వలన నిత్యము నిందపాలగునది పాపము ఆస్కార్బిక్ యాసిడ్. ముఖముమీద యాసిడ్ పోసికొందువటే అని కూతురిని కేకలువేసిన తల్లియే, అది ఉసిరికాయలో ఉండు సి విటమినని తెలిసిన మరుక్షణమున ఉసిరికాయలు నూరి ఆ ముఖమునకే పట్టించుటకు ఉద్యుక్తురాలగును. అడుగవలసిన ప్రశ్న రెండు సందర్భములలోను అడుగబడదు. ఆ ద్రవము తగినంత ఆమ్లముగా, అనగా పీహెచ్ 3.5కు లోబడి ఉన్నగాని ఆ విటమిను చర్మములోనికి సరిగా ఇంకదనియు, గాలి వెలుతురు తగిలి గోధుమరంగు తిరిగిన సీరమున దాని సారము చాలవరకు పోయినదనియు తెలిసికొన్నచో, వేలకు వేలు పోసి కొన్న సీసాను ఎప్పుడు పారవేయవలెనో తెలియును. కాని పారవేయుట నేర్పు శాస్త్రమునకు ప్రచారకులు దొరకుట కష్టము.

రెండవ సూత్రమును నమ్మినవారిని ఒక్కమారు పలాసకు తీసికొనిపోవలెనని నా చిరకాలవాంఛ. అచ్చట జీడిగింజలు కొట్టి పప్పు తీయు ఆడవారి చేతులను నల్లబరచి, తోలు ఊడదీయు ఆ పెంకులోని నూనె నూటికి నూరుపాళ్లు సహజమైనది. ఏ ప్రయోగశాలయందును పుట్టినది కాదు. దానికి మనవారు జీడి అని నోరారా పలుకదగిన పేరే పెట్టిరి. దాని చుట్టమే నల్లజీడి. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టు ఈ గింజ రసము రెండవ ప్రపంచయుద్ధకాలమున మన దేశమునకు వచ్చిన విదేశ సైనికుల ఒంటిమీద పొక్కులు లేపి, వారి వైద్యులచేత వ్యాసములే వ్రాయించినది.

అంతదూరము పోనేల? అమ్మమ్మలు నలుగుపిండిలో కలుపు బావంచాలనే చూడుడు. ఈ గింజలో సోరలెన్ అను పదార్థము కలదు. అది చర్మమునకు పట్టిన పిమ్మట ఎండ తగిలినచో చర్మము కాలి పొక్కులెక్కును. ఆ గుణమునే అదుపులో పెట్టుకొని, కాంతిని కొలిచి కొలిచి ప్రసరింపజేసి, వైద్యులు బొల్లికి చికిత్స చేయుదురు. ఆ గింజలోనే బాకూచియోల్ అను వేరొక పదార్థము కలదు. 44 మందిపై 12 వారములు జరిపి 2019లో ప్రకటించిన ఒక పరీక్షలో, నూటికి అరపాలు బాకూచియోల్ పూటకొకమారు చొప్పున రెండుపూటల పూసికొన్నవారికిని, అంతే పాలు రెటినాల్ అను ఎ విటమినును రోజునకొకమారు పూసికొన్నవారికిని ముడతలును మచ్చలును ఇంచుమించు సమముగనే తగ్గెననియు, రెటినాల్ వారికి పొట్టు రాలుట, చురచురలాడుట అధికమయ్యెననియు తేలినది. 44 మంది చిన్న సంఖ్యయే. అయినను అది పరీక్ష, అమ్మమ్మ మాటగాని అంగడివాని మాటగాని కాదు. గింజ ఒక్కటే గదా, దీనిని మంచిదందుమా, చెడ్డదందుమా? ఏ పదార్థము, ఎంత పాలు, ఎంతసేపు, ఎండలోనా నీడలోనా అని నాలుగు ప్రశ్నలు వేసినగాని తేలదు. ఈ నాలుగు ప్రశ్నలకు డబ్బామీద చోటు చాలదు. 'సహజము' అను మాటకు మాత్రము చాలును. ప్రక్కన ఒక ఆకుపచ్చని ఆకు బొమ్మకు గూడ చాలును.

ఇక పారాబెన్ల చరిత్ర వినదగినది. నీరు కలిసిన ప్రతి క్రీమునందును బూజు, సూక్ష్మజీవులు పెరుగును గనుక వానిని అరికట్టుటకు ఏదో ఒకటి కలుపక తప్పదు. దశాబ్దములుగా ఆ పని పారాబెన్లు చేయుచుండెను. 2004లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞురాలొకామె 20 రొమ్ముకణితులను పరీక్షించి వానిలో పారాబెన్ల జాడలు కనుగొనెను. ఆరోగ్యవంతమైన కండలో అవి ఉన్నవా లేవా అని ఆ పరీక్షలో పోల్చి చూడలేదు; అవియే కణితికి కారణమని ఆమెయు చెప్పలేదు. అయినను లోకము పోల్చుటకు ఆగునా? పారాబెన్లు లేవని డబ్బాలమీద టముకు వేయుట ఆరంభమయ్యెను. వాని స్థానమున అనేక తయారీదార్లు కలిపినది మిథైల్ ఐసోథయజోలినోన్. నోరు తిరగకపోవుటలో అది పారాబెన్లకు తాత. కాని నిషేధపట్టికలో దాని పేరు అప్పటికింకను చేరలేదు గనుక మన మీమాంసకులు దానిని చూచియు చూడనట్లు ఊరకుండిరి. దద్దుర్లతో, దురదలతో వైద్యుల వాకిళ్లు నిండిన పిదప, స్పర్శ వలన కలుగు చర్మరోగములను పరిశీలించు అమెరికా వైద్యసంఘము 2013కు 'ఈ యేటి ఎలర్జీకారకము' అను బిరుదమును దానికి ప్రసాదించెను. పూసి కడుగక వదలు క్రీములలో దానిని కలుపరాదని యూరపు సమాఖ్య కొన్నేండ్లకు శాసించెను. ఆ అమెరికా వైద్యసంఘమే 2019లో మరల పారాబెన్లను పిలిచి, ఎలర్జీ కలిగింపనివి అను బిరుదముతో సత్కరించినది. ఈ రెండవ సన్మానసభకు మన మీమాంసకులు హాజరు కాలేదు. పారాబెన్లలో కొన్నింటికి యూరపులో కఠినమైన పరిమితులున్న మాట నిజమే. మిథైల్ పారాబెనునకు నూటికి 0.4 పాలు, ప్రొపైల్, బ్యూటైల్ రకములకు 0.14 పాలు. అంకెకొక అర్థమున్నది. అంకెను తీసివేసి పేరును మాత్రము మిగుల్చుకొన్నందుననే ఇంత దురద.

భద్రత మాట అట్లుండగా, పనిచేయునా లేదా అను ప్రశ్న వచ్చినప్పుడు మన చట్టమే ఒక అద్భుతమైన గ్రంథము. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధన చట్టము ప్రకారము శుభ్రపరచుటకు, అందగింపజేయుటకు, ఆకర్షణ పెంచుటకు, రూపు మార్చుటకు పూసికొనునది సౌందర్యసాధనము. రోగము కుదుర్చునది ఔషధము. కాబట్టి ప్రకటన వ్రాయు చతురుడు ముడతలు పోవునని వ్రాయడు. ముడతలు 'కనబడుట' తగ్గునని వ్రాయును. ముడత ఉండును, కనబడదు. శంకరాచార్యులవారి మాయావాదమునకు పండితులు వెదకు ఉదాహరణము రంగులడబ్బామీద దొరకినది. పదిమంది స్త్రీలలో తొమ్మిదిమంది అంగీకరించిరి అని దాని క్రింద మరియొక వాక్యముండును. దేనితో పోల్చి చూచిరో, ఎవరు కొలిచిరో, ఆ పదవ స్త్రీ ఏమనెనో ఉండదు.

మొన్న ఒక డబ్బా నా చేతికి వచ్చినది. ముందువైపు కుంకుమపువ్వు, ముత్యములు, బంగారము బొమ్మలు కట్టి, రాణివాసపు రహస్యమని వ్రాసియున్నది. వెనుకకు త్రిప్పితిని. నూటికి ఒక్కపాలు మించినవానిని ఎక్కువనుండి తక్కువకు వరుసగా వ్రాయవలెననియు, ఒక్కపాలును అంతకు లోబడినవియు చివర ఏ వరుసనైనను వ్రాయవచ్చుననియు నిబంధన. మొదట నీరు, పిమ్మట గ్లిజరిను, ఆపైన నూనెలు, మైనములు. అటుపైన ఫినాక్సీఇథనాల్ అను నిల్వపదార్థము. ఇది సామాన్యముగా ఒక్కపాలు మించి వాడబడదు గనుక దీని తరువాత వచ్చినవెల్ల అంతకు లోబడినవే యని గ్రహింపవచ్చును. కుంకుమపువ్వు దాని తరువాత ఉన్నది. ముత్యపుపొడి సుగంధమునకు తరువాత. బంగారము అన్నింటికి చివర, రంగుల సంఖ్యలకు కొంచెము ముందు, సముద్రములో ఇంగువ కలిపినట్లు. రెటినాల్ వంటివి అరపాలైనను పనిచేయును, నిజమే. ముత్యములకు అట్టి ఖ్యాతిని ఇంతవరకు ఎవరును సంపాదించి పెట్టలేదు. నయాసినమైడ్ అను బి విటమినునకు ఆ ఖ్యాతి కొంత కలదు. నూటికి 5 పాళ్లున్నప్పుడు మచ్చలు తగ్గుట పరీక్షలలో కనబడినది. కొల్లాజెన్ క్రీము మాటయా, ఐదువందల డాల్టనులకు మించిన అణువు చర్మపు పైపొరను దాటుట దుర్లభమని చర్మశాస్త్రజ్ఞుల లెక్క; కొల్లాజెన్ అణువు బరువు ఇంచుమించు మూడు లక్షలు. అది పైననే కూర్చుండి కొంత తేమను పట్టియుంచును, అంతే.

ఇంత విచారము చేసిన పిమ్మట ఒక మందుల దుకాణమునొద్ద కంటబడిన సన్నివేశమును వ్రాయక తప్పదు. కాలేజీ పిల్ల ఒకతె కౌంటరునకు ఆనుకొని నిలిచి అడుగుచున్నది:

"అన్నా, మొన్న మా అక్క తీసుకెళ్లిందే, ఆ గులాబీరంగు ట్యూబు, ఇంకొకటుందా?"

"ఉందమ్మా. రాత్రిపూట రాసుకో. వారానికే తేడా తెలుస్తుంది."

"చీటీ కావాలా అన్నా?"

"దీనికి చీటీ ఎందుకమ్మా, ముఖానికి రాసుకునేదేగా!"

"ఫేస్‌వాష్ మాత్రం పారాబెన్స్ లేనిదే ఇవ్వన్నా. నాకు కెమికల్స్ పడవు."

ఆ ట్యూబునందు ఉన్నవి మూడు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టిరాయిడు. మంగు మచ్చలకై 1975లో క్లిగ్మన్ అను అమెరికా వైద్యుడు ప్రకటించిన కలయిక ఇది. (ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ కారాగారమున ఖైదీల చర్మములపై ఏండ్లతరబడి ప్రయోగములు చేసిన ఘనుడీయనయే; సౌందర్యశాస్త్రపు వంశవృక్షమును మరీ పైకి ఎక్కి చూడరాదు.) వైద్యుని కనుసన్నలలో కొన్ని వారములు వాడదగినదానిని మన వారు స్నో వలె ఏండ్లకేండ్లు పూయుచున్నారు. మొదట ముఖము తెల్లబడుట నిజము. పిమ్మట చర్మము పలుచబడి, ఎర్రని నరములు తేలి, మొటిమలు, నూగువెండ్రుకలు బయలుదేరి, మానినచో మంట, మానకున్నచో నాశము అను దశ సంప్రాప్తించును. స్టిరాయిడుతో చెడిన ఈ ముఖమునకు మన దేశపు చర్మవైద్యులు ఒక ప్రత్యేకమైన పేరే పెట్టవలసివచ్చినది. చీటీలేనిదే ఇట్టి స్టిరాయిడు పూతలను అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము స్పష్టపరచినది. హెచ్చరికగా ట్యూబుమీద ఎర్రని గీతయు గీయబడియున్నది. ఆ పిల్ల ఫేస్‌వాష్ వెనుకనున్న పట్టికను చివరివరకు చదివినది. ఎర్రగీతను చదువలేదు.

ట్యూబునకు గీతయైనను ఉన్నది. కొన్ని డబ్బాలకు అదియు లేదు. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్ వైద్యులు 2021-23 సంవత్సరముల నడుమ తమవద్దకు వచ్చిన మూత్రపిండరోగులలో ఒక అపురూపమైన వ్యాధి గుంపుగా కనబడుటచే ఆశ్చర్యపడి విచారించి, 22 మందిలో 15 మందికి ఒకే రకపు జబ్బనియు, ఆ 15 మందిలో 13 మంది జబ్బు బయటపడుటకు ముందు తెల్లబరచు క్రీములు వాడిరనియు తేల్చిరి. క్రీములలో దొరకినది పాదరసము. అది మెలనిన్ పుట్టుటను ఆపును గనుక తెలుపు వచ్చును. చర్మముగుండ దిగి మూత్రపిండములను పట్టును గనుక కాళ్లకు నీరును వచ్చును. మన నియమావళి ప్రకారము తెలియక కలిసిన పాదరసమైనను సాధారణ క్రీములలో పదిలక్షలకు ఒక్కపాలు మించరాదు. తెలిసి కలుపుట నిషిద్ధము. ఇట్టి డబ్బాలపై తయారీదారు చిరునామాగాని, లైసెన్సు సంఖ్యగాని, పదార్థముల పట్టికగాని సామాన్యముగా కానరాదు. పట్టికయే లేని చోట మీమాంస దేనిమీద చేయుదుము? మన పండితుల ఖడ్గమంతయు ఒప్పుకొన్న పదార్థములమీదనే ఝళిపింపబడుచున్నది; ఒప్పుకొననిది హాయిగా అమ్ముడగుచున్నది. క్రీము మానిన పిమ్మట ఆ రోగులలో అధికులు కోలుకొనిరి.

చివరకొక విన్నపము, ఇది పాఠకులకు కాదు, ఏలినవారికి. 60 మిల్లీలీటర్లకు తక్కువైన ద్రవములకును, 30 గ్రాములకు తక్కువైన క్రీములకును పదార్థముల పట్టిక అచ్చువేయనక్కరలేదని సౌందర్యసాధనముల నియమావళిలో ఒక మినహాయింపు వాక్యము కలదు. అనగా మూడువేలు పెట్టి పెద్దసీసా కొన్నవారికి అందులో ఏమున్నదో చెప్పవలెను. కిరాణాకొట్టులో తోరణముగా వ్రేలాడు ప్యాకెట్టును చిల్లర ఇచ్చి చింపుకొను కూలిమనిషికి చెప్పనక్కరలేదు. చోటు చాలదందురేమో; అదే ప్యాకెట్టుమీద సినిమాతార నవ్వు చెవులదాక పట్టినది. ఆ నవ్వును ఒక అంగుళము కుదించి, ఆ మినహాయింపు వాక్యమును కొట్టివేయవలసినదిగా ప్రార్థన.